జానెడు యాంటెన్నా

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఏ ఆవిరి ఇంజన్ల కాలం కథో చెబుతాననుకుంటారేమో. నేను చెప్పబోయేదానికి పట్టుమని ఆరేళ్ళు కూడా నిండలేదు. అయినా ఆ రోజుల్లో అనే అంటాను. ఎందుకంటే అప్పటి నన్ను తలచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయిని చూస్తున్నట్టుంటుంది. ఇరవై రెండేళ్ళు, మెడలో హెడ్‌ఫోన్, నోట్లో సగం హిందీ సగం ఇంగ్లీషు, ఇంట్లో పెద్దవాళ్ళ కోసం మధ్యలో నాలుగు తెలుగు ముక్కలు, వీటన్నిటి మీదా తనకు తెలియనిది లేదన్న ధీమా. (ఇప్పుడిలా తెలుగులో రాస్తున్నానంటే అదంతా తర్వాత మామ్మ పక్కన కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కున్న ఫలితం. తప్పులుంటే మాత్రం నావే.) ఆ ధీమాగల పిల్ల మా ఇంట్లో వైఫైని బాగుచెయ్యబోయి చేసిన నిర్వాకం ఇది.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టర్. తాతయ్య బొబ్బిలి వైపు నుంచి ఇంజన్‌లో బొగ్గు వేసే పనికి ఇక్కడికొచ్చాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ ప్రపంచంలో రైల్వే కాక మరో పని ఉంటుందని తోచలేదు. నాన్న కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్. అంటే ఏ బండి ముందు వెళ్ళాలి, ఏ బండి పక్కనున్న లూప్ లైన్‌లోకి తప్పుకుని దారివ్వాలి అన్నది ఫోన్లో చెబుతూ కూర్చునే పని. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఆ పని ఆయన బుర్రలోంచి దిగేది కాదు. పొద్దున్నే స్నానాల గది ముందు ఇద్దరం ఎదురుపడితే ఎవరు ముందో ఆయనే తేల్చేవారు. (నాకు ఎప్పుడూ లూపే.) అమ్మ వంటగదికీ టీవీకీ తిరుగులేని అధికారిణి. ఇక మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ. ఆవిడకు ఒక ట్యాబ్ ఉండేది. బొగ్గు కంపెనీలో పనిచేసే మా అత్తయ్య భర్త ఏ పండక్కో తెచ్చి ఇచ్చాడు. దాన్ని పాత చీర చెంగుతో తనే కుట్టుకున్న గుడ్డ సంచీలో దాచుకునేది. ఆ సంచీ నిండా పసుపు మరకలు, కొబ్బరినూనె జిడ్డు, అగరుబత్తి మసి. రోజూ సాయంత్రం ఐదింటికి ట్యాబ్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, బొబ్బిలిలో ఒకరు, పార్వతీపురంలో ఒకరు, ఖరగ్‌పూర్‌లో ఒకరుగా ఉన్న తన ముగ్గురు అప్పలతో (మా వైపు అక్కని అప్ప అంటారు) వీడియోలో పారాయణ చేసేది. నలుగురూ నాలుగు రాగాలు తీసేవారు, ఒకరు అయిపోయాక కూడా ఇంకొకరు చదువుతూనే ఉండేవారు. ఆ నలభై నిమిషాలూ మామ్మ మొహం చూడాల్సిందే.

నాకు దొరికిన మొదటి ఉద్యోగం హైదరాబాదులో ఒక సంస్థది. అందరూ ఇంటి నుంచే పని చేస్తున్న రోజులు కాబట్టి నేనూ మా క్వార్టర్‌లో, ఇనప బీరువాకీ మంచానికీ మధ్య బల్ల వేసుకుని హైదరాబాదు ఉద్యోగం చేసేదాన్ని. పనేమిటంటే, ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని మొత్తుకునేవాళ్ళ మాట విని, కారణం కనిపెట్టి చెప్పడం. అవును, మీరు చదివింది నిజమే. ఆరు నెలలు శిక్షణ, చివర్లో మూడు రివ్యూలు, మూడూ వీడియోలో మొహం కనబడుతుండగా జరగాలి. అవి గట్టెక్కితే ఉద్యోగం ఖాయం, కంపెనీ కొత్త ల్యాప్‌టాప్ ఇంటికి పంపిస్తుంది. గట్టెక్కకపోతే ఇంటికి పంపిస్తుంది, అదీ నన్ను. (ఉన్నది ఇంట్లోనే కదా అని నవ్వకండి, అప్పుడు నాకు నవ్వు రాలేదు.) ఆ తర్వాత నాన్న చెప్పినట్టు మళ్ళీ రైల్వే పరీక్షకు కూర్చోవాలి. ఆ పరీక్ష అప్పటికే రెండుసార్లు రాసి ఉన్నాను, దాని గురించి ఇంతకన్నా చెప్పను.

కొత్త ల్యాప్‌టాప్ వచ్చేదాకా ఎవరి సామాను వాళ్ళదే. నాకున్నది నాన్న ఎప్పుడో పాతది కొన్న ల్యాప్‌టాప్. లోపల వైఫై చచ్చిపోయి చాలాకాలమైంది. అందుకని సిర్గిట్టి రోడ్డులో ఒక రిపేరు దుకాణానికి వెళ్ళి, పక్కన గుచ్చుకునే వైఫై పుల్ల ఒకటి తెచ్చుకున్నాను. దుకాణంవాడి గాజు బీరువాలో చిటికెన వేలంత చిన్నవి కూడా ఉన్నాయి గానీ నేను వాటి మొహం కూడా చూడలేదు. నేను కొన్నదానికి జానెడు యాంటెన్నా ఉంది. "బహుత్ పవర్‌ఫుల్ హై" అన్నాడు దుకాణంవాడు. యాంటెన్నా ఎంత పొడుగైతే వేగం అంత ఎక్కువ ఉండి తీరాలని నాకూ అనిపించింది. ఇంటికొచ్చి గుచ్చుకుని, దాన్ని నిటారుగా నిలబెట్టి, మంత్రిగారి కారెక్కినట్టు కూర్చున్నాను.

మొదటి రివ్యూలో పరిచయం పూర్తి కాకముందే నా బొమ్మ ఆగిపోయింది. మా టీమ్ లీడర్‌ను మేము వెనకాల హెడ్మిస్ట్రెస్ అనేవాళ్ళం, కళ్ళజోడు మీద నుంచి చూసే మనిషి. "అమ్మా, నువ్వు తుమ్మబోతూ ఆగిపోయావు, పది నిమిషాలైంది" అందావిడ. రెండో రివ్యూలో తుమ్ము బదులు ఆవులింత దగ్గర ఆగాను. అప్పుడు మాత్రం ఆవిడ నెమ్మదిగా, విడమరచి చెప్పింది. "మూడు వారాల్లో చివరి రివ్యూ. అదీ ఇలాగే అయితే నేను నీ పేరు పంపలేను. నెట్ ఫిర్యాదులు తీర్చే అమ్మాయికే నెట్ లేకపోతే జనానికి ఏం చెబుతాం?"

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఇంట్లోవాళ్ళందరికీ ఉపన్యాసం ఇచ్చాను. శిక్షణలో నేర్పిన పాఠమే. వైఫై ఉన్నది గాలిలో, ఆ గాలి అందరికీ ఒక్కటే, ఒకసారికి ఒకరే మాట్లాడాలి. కొత్త పరికరం తన మాట చిటికెలో చెప్పేసి తప్పుకుంటుంది. పాతది అదే మాట నత్తి నత్తిగా చెబుతుంది. అది ముగించేదాకా మిగతావాళ్ళందరూ నోరు మూసుకుని నిలబడాలి. కాబట్టి ఇంట్లో ఒక్క పాత పరికరం ఉన్నా అందరి వేగమూ పడిపోతుంది. అమ్మ అన్నం వడ్డిస్తూ ఊఁ కొట్టింది గానీ నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అచ్ఛా. అంటే సింగిల్ లైన్ సెక్షన్ అన్నమాట," అన్నారు. "ముందర గూడ్స్ బండి దేకుతుంటే వెనకాల సూపర్‌ఫాస్ట్ ఏటి సేస్తాది, అదీ దేకుతాది. ఇంత చిన్న విషయం ముందే చెప్పొచ్చు కదమ్మా. మరి మనింట్లో గూడ్స్ ఎవరు?"

అంతే, అప్పటికప్పుడు విచారణ మొదలైంది. రైల్వేలో ఎక్కడ ఏది ఆగినా బాధ్యుడు ఒకడు తేలాలి, తేలేదాకా ఎవరికీ నిద్ర పట్టదు. నాన్న ఫోన్ నిందితుల జాబితాలోకి రాలేదు (కంట్రోల్ నుంచి ఎప్పుడు పిలుపొస్తుందో, దాన్ని ముట్టుకోవడమే నేరం). టీవీ కొత్తది. అమ్మ ఫోన్ అద్దం పగిలింది గానీ అది పగిలింది ఈ మధ్యనే. నా ఫోన్ సంగతి అడగక్కర్లేదు, జాగా లేదంటూ మా మీటింగ్ యాప్‌నే లోపలికి రానివ్వని రకం, అది వైఫై వాడిందే తక్కువ. ఇక మిగిలింది బియ్యం డబ్బా పక్కనున్న గుడ్డ సంచీ. నేనూ నాన్నా ఒకేసారి అటు చూశాం. ఆ పసుపు, ఆ జిడ్డు, ఆ మసి చూశాక ఇంకా సాక్ష్యం ఎందుకనిపించింది. సంచీలోంచి ట్యాబ్ తీసి చూద్దామన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

"నా ట్యాబ్ ఏటి సేసిందిరా?" అంది మామ్మ.

"గూడ్స్ బండమ్మా అది. పిల్ల సూపర్‌ఫాస్ట్‌కి అడ్డమొస్తంది. మూడు వారాలు లూప్‌లో పెట్టీద్దాం," అన్నారు నాన్న.

"గుంట ఉద్యోగం కన్నా ఎక్కువేటి," అంది మామ్మ (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు). "ఆపీ."

మర్నాటి నుంచి మామ్మ ఐదింటికి బియ్యం డబ్బా ముందు కాకుండా దేవుడి అలమర ముందు కూర్చుని ఒక్కతే చదువుకునేది. నేను ఆ పక్కనుంచి కాఫీ గ్లాసు పట్టుకుని వెళుతూ, ఎంత బాగా సర్దుకుపోతోందో అని మురిసిపోయేదాన్ని కూడా.

మొదటి రెండు రోజులు వేగం పెరిగినట్టే అనిపించింది. (అనిపించడానికి ఏముంది, పెరగాలని గట్టిగా అనుకున్నాను కదా.) మూడో రోజు మళ్ళీ మామూలే. అప్పుడు నాన్న ఇంకో మెట్టెక్కారు. ఆయన కుర్రతనంలో చిన్న స్టేషన్‌లో పనిచేసినప్పుడు అక్కడ టోకెన్ పద్ధతి ఉండేదట. సింగిల్ లైన్ మీదికి వెళ్ళే డ్రైవరు చేతిలో ఇనప గుండు ఒకటి పెట్టేవారు. గుండు ఒక్కటే, కాబట్టి లైన్ మీద బండీ ఒక్కటే. మా ఇంట్లో గుండు లేదు గనక అల్లం దంచే చిన్న ఇత్తడి రోకలిని టోకెన్‌గా ప్రకటించారు. రోకలి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే వైఫై, తక్కినవాళ్ళు తమ తమ పరికరాలు ఆపుకోవాలి. పని వేళల్లో రోకలి నా బల్ల మీదే. అమ్మ సీరియల్ చూడాలంటే గుమ్మంలో నిలబడి "లైన్ క్లియర్ ఉందేటే?" అని అడగాలి, నేను తల తిప్పకుండా "నహీఁ" అనాలి. దీనివల్ల ఇంట్లో జరిగిన పెద్ద మార్పు ఒకటే, ఆ పూట నుంచి టీలో అల్లం లేదు. వేగం మాత్రం ఉన్నచోటే ఉంది. నేను అమ్మను అనుమానించాను. టోకెన్ లేకుండా సెక్షన్‌లోకి ఎవరో వస్తున్నారని నాన్నకు ఫిర్యాదు చేశాను. అమ్మ నన్ను ఒక చూపు చూసి, ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. మరిచిపోయిందనే అనుకుంటున్నాను.

చివరి రివ్యూ శుక్రవారం నాలుగింటికి. ఆ రోజు మూడింటికి, ఇక దిక్కు తోచక, నెట్ కనెక్షన్ ఇచ్చినతన్ని పిలిచాం. మంగ్లా నుంచి బండి మీద వచ్చేవాడు, భుజాన ఎప్పుడూ తీగ చుట్ట ఉండేది కాబట్టి మేము తార్ భయ్యా అనేవాళ్ళం. లోపలికొచ్చి ఫ్రిజ్ మీదున్న వైఫై డబ్బాను ముట్టుకోనైనా లేదు. తన ఫోన్లో ఏదో తెరిచి, ఇంటికి కలిసిన పరికరాలన్నీ వరసగా చూపించే పట్టీ తీశాడు. నాన్నకు అది చూడగానే ప్రాణం లేచొచ్చింది, అచ్చం తన కంట్రోల్ బోర్డులాగే ఉందట. మామ్మ ట్యాబ్‌ను కూడా ఆన్ చెయ్యమన్నాడు. టీవీ కూడా పెట్టించాడు. లోపలి గదిలో అమ్మ సీరియల్ రెండు ముక్కలు మాట్లాడి గిర్రున తిరుగుతూ ఆగిపోయింది.

"దీదీ, యే సబ్‌సే నీచే వాలా కిస్‌కా హై?" అన్నాడు. అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా మెల్లగా పాకుతున్నది ఎవరిదని. నేను జాలిగా మామ్మ వైపు చూశాను. అతను మాత్రం వంగి, నా ల్యాప్‌టాప్ పక్కనుంచి జానెడు యాంటెన్నాను పుటుక్కున పీకేశాడు. అదే క్షణంలో లోపలి గదిలోంచి సీరియల్ అత్తగారి గొంతు ఇల్లు దద్దరిల్లేలా ఖంగుమంది. ఆవిడ కోడలిని ఏదో అడుగుతోంది, సిగ్గుందా అని.

తార్ భయ్యా తాపీగా హిందీలో విడమరిచాడు. ఈ పుల్ల పదిహేనేళ్ళ కిందటి సరుకు. యాంటెన్నాతో దూరం నుంచి అందుకుంటుందేమో గానీ వేగం మాత్రం దాని కాలం నాటిదే. ఈ డబ్బాలో రెండు లైన్లుంటాయి. పాత పరికరాలు ఒకదాని మీదే నడవగలవు, కొత్తవి రెండోదాని మీద దూసుకుపోతాయి. మీ టీవీ కొత్తదే అయినా దాన్నీ అమ్మగారి ఫోన్‌నూ మొదటి లైన్‌కే కలిపారు, అందుకే దీని వెనకాల ఇరుక్కున్నాయి. మరి మామ్మ ట్యాబ్ అని నాన్న అడిగారు. "దాదీ కా తో ఏక్‌దమ్ నయా హై," అన్నాడతను. ఇంట్లో అన్నిటికన్నా కొత్తది అదే. అదసలు రెండో లైన్ మీద ఉంది. నాకు అడ్డమొచ్చే ప్రశ్నే లేదు.

నాన్న కుర్చీలో వెనక్కి వాలి, "అచ్ఛా. అయితే గూడ్స్ బండి మన సూపర్‌ఫాస్టేనన్నమాట," అన్నారు. అప్పటికి టైం మూడూ నలభై. తీగ నేరుగా గుచ్చుదామంటే నా ల్యాప్‌టాప్‌లో ఆ రంధ్రం కూడా ఎప్పుడో పాడైంది, కొత్త పుల్ల తేవాలంటే బజారుకు వెళ్ళి రావడానికే గంట. ఆరు నెలల కష్టం ఇరవై నిమిషాల్లో నీళ్ళపాలవుతుందన్న భయం ఒకవైపు, అడగవలసిన మనిషిని అడగలేని సిగ్గు ఒకవైపు.

మామ్మ దేవుడి అలమర దగ్గర వత్తులు చేసుకుంటోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మామ్మా, నీ ట్యాబ్ ఒక గంట ఇస్తావా?"

"ఎందుకే గుంటా? అది గూడ్స్ బండి గదేటి," అంది, వత్తుల మీంచి తల ఎత్తకుండానే.

ఆవిడ చేతులు తుడుచుకుని, సంచీలోంచి ట్యాబ్ తీసి, చెంగుతో అద్దం తుడిచి నా ఒళ్ళో పెట్టింది. "ఐదింటికి అప్పలు కూకుంటారు. తార్ బాబు బాగుసేసీసినాడని ఇందాకే ఆల్లకి పోన్ సేసినాను. అప్పటికిచ్చీ, మరేటి."

నాలుగింటికి బియ్యం డబ్బాకే ఆనించి కూర్చున్నాను. ఇంత స్పష్టంగా హెడ్మిస్ట్రెస్‌ను ఎప్పుడూ చూడలేదు, ఆవిడ కళ్ళజోడు మీద వేలిముద్ర కూడా కనిపించింది. నా ముందు ఇంకో ఇద్దరి వంతు అయ్యి నా దగ్గరకొచ్చేసరికి నాలుగున్నర దాటింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే ఇది: ఒకాయన ఫోన్ చేసి, ఇంట్లోవాళ్ళ పాత ఫోన్ల వల్ల తన నెట్ నెమ్మదిగా ఉందంటాడు, నువ్వు ముందు ఏమడుగుతావు? ఒక గంట కిందటైతే పాఠం అప్పజెప్పేదాన్ని, ఇంట్లో అందరికన్నా పాత పరికరం ఏదో వెతకమంటానని. ఇప్పుడు నోటికి వేరే మాట వచ్చింది. "ముందు మీరే దేని మీద నుంచి వాడుతున్నారో చెప్పండి సార్ అంటాను మేడమ్." ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని నన్ను మొదటిసారి నిండుగా చూసింది. తర్వాత ప్రశ్న మీద ప్రశ్న. నేనూ ఆగకుండా చెబుతున్నాను. ఎక్కడా తుమ్ము లేదు, ఆవులింత లేదు.

సరిగ్గా ఐదింటికి తెర మీద పైనుంచి ఒక పట్టీ దిగింది. పెద్దప్ప పిలుస్తోంది. వద్దని నొక్కాను. నిమిషం తర్వాత మళ్ళీ పెద్దప్ప. ఇంకో నిమిషానికి ఖరగ్‌పూర్ అప్ప. గుమ్మం అవతల మామ్మ కాళ్ళు చాపుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇటు చూడటం లేదు. అడిగినా బావుండును. రివ్యూ ఇంకా సగంలో ఉంది. ఇప్పుడు లేస్తే హెడ్మిస్ట్రెస్ నా పేరు పంపదేమో. లేవకపోతే మామ్మ ఏమీ అనదు. ఏమీ అనదని నాకు తెలుసు కాబట్టే మూడు వారాలు ఆవిడ ఐదు గంటలను లాక్కున్నాను.

"మేడమ్, ఈ ట్యాబ్ మా మామ్మది," అన్నాను. "ఐదింటికి ఆవిడ పారాయణ. నేను ఆపి ఇచ్చెయ్యాలి."

అటువైపు ఎంతసేపూ చప్పుడు లేదు. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను, మొదటిసారి అలా ఆగితే బావుండుననీ అనుకున్నాను. ఆవిడ వాచీ చూసుకుని, "ఎంతసేపు పడుతుంది?" అంది. నలభై నిమిషాలన్నాను. "ఐదూ నలభై ఐదుకు రా. నేనూ టీ తాగుతాను," అని తెర ఆపేసింది. కోపమో కాదో ఆ మొహంలో తెలిసే రకం కాదు.

ట్యాబ్ మామ్మ ముందు పెట్టి తలుపు పక్కకు వచ్చేశాను. మూడు వారాల తర్వాత కలుసుకున్న నలుగురూ ఒకేసారి మాట్లాడారు. అందులో పెద్దప్ప గొంతు పైకి వినిపించింది. "గుంటకి ఉద్యోగం అయిపోయిందేటే?"

"ఇంకా నేదప్పా. మద్దిలో ఆపీసి నాకిచ్చీసింది," అంది మామ్మ.

"ఓలమ్మ, మరి పోతాదేమోనే?"

"ఏటో మరి. మూడు వారాలనుండి నలుగురం ఎక్కడోలం అక్కడ కూకుని దానికోసమే సదువుతన్నాం గదా. ఇయ్యాల అందరం కలిసి గట్టిగా సదువుదాం."

ఒంటరిగా దేవుడి ముందు కూర్చున్న ఆ మూడు వారాలూ ఆవిడ చదివింది నాకోసమని, అక్కడ బొబ్బిలిలో, పార్వతీపురంలో, ఖరగ్‌పూర్‌లో కూడా నా కోసమేనని తెలిసి ఏడుపు ఆగలేదు. అమ్మ వచ్చి అల్లం టీ గ్లాసు చేతిలో పెట్టి వెళ్ళింది.

ఐదూ నలభై ఐదుకు హెడ్మిస్ట్రెస్ సిద్ధంగా ఉంది. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, చివర్లో "మామ్మగారి పారాయణ బాగా జరిగిందా?" అంది. సోమవారం మధ్యాహ్నానికి ఉద్యోగం ఖాయమైన ఉత్తరం వచ్చింది. వారం తిరిగేసరికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది, దానికి యాంటెన్నా లేదని నాన్న కాసేపు అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూశారు.

ఇప్పుడు నేను రాయ్‌పూర్‌లో అదే సంస్థలో కొత్తవాళ్ళకు రివ్యూలు చేస్తున్నాను. ఎవరి బొమ్మైనా తుమ్మబోతూ ఆగిపోతే ముందు ఐదు నిమిషాలు టీకి లేస్తాను. సెలవులకు ఇంటికెళితే ఐదింటికి మామ్మ పక్కన కూర్చుంటాను. తెర మీద ఇప్పుడు ఇద్దరు అప్పలే ఉన్నారు, అయినా రాగాలు మాత్రం ఇంకా ఎవరివి వాళ్ళవే. అలా కూర్చున్నప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల నా కళ్ళ ముందుకొస్తుంది, తన వేగానికి అందరూ అడ్డమని ఇంటిల్లిపాదినీ పక్కకు నెట్టిన పిల్ల. ఎదురుపడితే చెవి మెలిపెట్టాలని ఉంటుంది. కానీ ఐదింటికి ట్యాబ్ తిరిగి ఇచ్చేసింది కదా, పోనీలే అని వదిలేస్తాను.